మా గేటు దగ్గర కూర్చున్నవాళ్లు

మొన్నటి ఎండాకాలం, మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు దేవుడు మా తల మీద కప్పు పోకుండా కాపాడాడు సహోదరులారా, సహోదరీలారా. నా పేరు మరియమ్మ. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని, కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నా భర్త బాలయ్య అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌస్‌కు వాచ్‌మన్, గేటు పక్క గదే మా ఇల్లు. చెట్లకు నీళ్లు పెడుతుండగా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, ఇక ఆయన్ను లేపడం, కడగడం, తినిపించడం, మళ్లీ పోయి గేటు దగ్గర కూర్చోవడం, ఇదే నా బతుకైంది. పట్నంలో ఉండే యజమాని ఫోన్‌లో ఒకటే మాట చెప్పాడు. "బాలయ్య బదులు నువ్వు చూసుకో. గేటు దగ్గర ఒక్క పూట మనిషి లేకున్నా గది ఖాళీ చెయ్యాలి."

చేవెళ్లలో చందాలతో నడిచే ఒక సెంటర్ ఉంది, పక్షవాతం వచ్చినవాళ్లకు ఉచితంగా కసరత్తు చేయిస్తారు. ప్రతి మంగళవారం తీసుకొస్తే మనిషి నడుస్తాడని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. తీసుకుపోతే గది పోతుంది, తీసుకుపోకపోతే మనిషి మంచాన పడిపోతాడు. మోకరించడానికి కూడా ఓపిక లేక గోడకు ఆనుకొని ప్రార్థించాను. "ప్రభువా, మేడలొద్దు, బంగారమొద్దు. గేటు కాడ కూసునేటందుకు ఒక్క మనిషిని తోలు. నాతోని అయితలేదు తండ్రీ."

మందిరంలో ఈ సంగతి చెబితే అందరూ ప్రార్థన చేస్తామన్నారు, చేశారు కూడా, గేటు దగ్గరికి మాత్రం ఒక్కరూ రాలేదు. వచ్చింది మొయినాబాద్ మహిళా సంఘం ఆడవాళ్లు, నాకు అక్షరాలు నేర్పినవాళ్లు, బతుకమ్మ ఆడేవాళ్లు. "మేం వంతులేసుకుంటం అవ్వా, నువ్వు బాపును తోల్కపో" అన్నారు. నేను తిరిగొచ్చేదాకా ఎవరొచ్చినా గేటు తియ్యగూడదని వాళ్లలో వాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు.

ఆ మంగళవారం వంతు చిల్కూరులో కూరగాయలమ్మే మానెమ్మది. మేం చేవెళ్ల నుంచి సలీం ఆటోలో తిరిగొచ్చేసరికి గేటు బయట కారు, కారు పక్కన చెమటలు కారుతూ యజమాని. చెప్పాపెట్టకుండా వచ్చాడు. గది పోయిందనుకున్నాను.

"నా గేటు తియ్యడానికి నిన్ను బతిమాలాలా?" అంటున్నాడాయన.

"ఓనర్నని చెప్పేటోళ్లు మస్తుమంది ఉంటరు సారూ" అంది లోపలి నుంచి మానెమ్మ. "అవ్వ వచ్చేదాక తియ్య. ఎండైతే కార్ల కూసో."

"బాలయ్యకు ఫోన్ చేస్తుంటే లోపలే మోగుతోంది. ఎత్తొచ్చు కదా?"

"పరాయోళ్ల ఫోను నేనెందుకు ఎత్తుత?"

సలీం నా చెవిలో "అవ్వా, సారుకే గేటు బంద్ పెట్టింది" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ప్రభువా, ప్రభువా అనుకుంటూ దిగాను.

యజమాని నా వైపు తిరిగాడు. "ఈమెకు జీతం ఎవరిస్తున్నారు?"

"జీతమెందుకు?" మానెమ్మే అందుకుంది. "గా బాపు నడవాలె, గందుకు వచ్చిన."

అప్పుడే బాలయ్య సలీం భుజం పట్టుకొని ఆటో దిగి, యజమానికి నమస్తే పెట్టబోయాడు. కుడి చెయ్యి ఛాతీ దాకా లేచి అక్కడ ఆగింది. అంతకు ముందు వారం అది అసలు కదల్లేదు. యజమాని ఆ చేతినే చూశాడు.

"దించు బాలయ్యా" అన్నాడు. "మంగళవారాలు వీళ్లనే కూర్చోనీ. గది సంగతి మరిచిపో. ఇప్పుడైనా గేటు తియ్యమను."

దేవునికే మహిమ. నేను అలిసిపోయాను, దాచను. బాలయ్యకు ఇప్పటికీ అన్నం కలిపి పెట్టాలి, చేవెళ్ల పోయొచ్చిన రోజు నా నడుము నాది కాదు. అయినా ఆయన కర్ర పట్టుకొని గేటు దాకా నడుస్తున్నాడు. నేను ఒక్క మనిషిని అడిగితే ప్రభువు ఒక సంఘాన్నే పంపాడు, కనుక మీరూ ఆయన్ను నమ్మి అడగండి. మీ వీధిలో ఇల్లు కదలలేని మనిషి ఉంటే ప్రార్థన చేసి ఊరుకోకండి, పోయి ఒక పూట వాళ్ల చోట కూర్చోండి.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: గేటు బయట నేను, నా భర్త బాలయ్య, ఆటో సలీం, మా యజమాని. లోపల, తాళంచెవి కొంగున కట్టుకొని, మానెమ్మ.