కనపడలేదన్న పిల్ల

ధర్మవరం బడిలో కొత్తగా పంతులుగా చేరిన రోజులవి. చేతిలో బెత్తం ఉంది, ఇంక నాకేం తక్కువ అన్నట్టుండేవాణ్ణి. మూడో తరగతికి వెలుతురు పాఠం వచ్చింది. పుస్తకం చదివి వదిలేస్తే నా గొప్పేముంది? పట్టపగలే తలుపులు, కిటికీలు మూయించి, సందులకు గోనెపట్టాలు కట్టించాను.

"నా చేతిలో ఏముండాది చెప్పండి?"

"కనపడ్లేదు సార్!" అని గది దద్దరిల్లింది.

"చూసినారా? వెలుతురు వస్తువు మీద పడి మన కంట్లోకొస్తేనే చూపు" అంటూ కిటికీ బెత్తెడు తెరిచాను. గది మసకమసకగా తేరుకుంది.

"జామకాయ సార్!"

ముందు వరసలోని నేతగాళ్ళ పిల్ల ఒక్కతే, "నాకింకా కనపడ్లేదు సార్" అంది.

ఎగతాళి అనుకున్నాను. "మరి ఇంట్లో పోగులెట్లా అతుకుతావే?" అన్నాను. మగ్గం మీద పాత పోగుల కొసలకు కొత్తవి ఒక్కొక్కటే మెలిపెట్టి అతకడం ఆ ఇళ్ళలో పిల్లల పని.

"వేళ్ళతో సార్. కండ్లతో పనేముండాది?"

పిల్లలు పకపకా నవ్వారు. నాకు తిక్క రేగి ఆ చేతి మీదే ఒక్కటిచ్చాను. ఛీ, ఏం బతుకు నాది!

ఆ వారమే వాళ్ళింటి ముందుగా పోతుంటే, చీకటి మూలన కూర్చుని వేళ్ళతోనే పోగులు అతుకుతోంది. "మా పాప చూడకనే అతుకుతాది సార్" అని వాళ్ళ నాయన మురిసిపోయాడు. నేనూ శభాష్ అన్నాను.

రెండు నెలలకు పిల్లకు తట్టు పోసింది. తగ్గాక కళ్ళు తెరవలేకపోయింది. విన్న వెంటనే తండ్రీకూతుళ్ళను రైలెక్కించి హిందూపురం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరు రెప్పలు విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. "నల్లగుడ్లు కరిగిపోయినాయప్పా. ముందు రేచీకటి వచ్చింటాది. అప్పుడే పిల్చుకొచ్చింటే మందుతో పొయ్యేది. మసకలో కనపడలేదని పాప ఎవరితోనూ అనలేదా?"

"లేదు సామీ. అనింటే ఊరికే ఉంటామా?" అన్నాడు తండ్రి.

పిల్ల నా వైపు తల తిప్పింది. నోరు తెరిచి చెప్తుందనే అనుకున్నాను. చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తిరుగు రైల్లో పెనుకొండ దాటాక ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. "మీరు కాబట్టి ఇంతదూరం పిల్చుకొచ్చినారు సార్. మీ మేలు మర్చిపోము" అన్నాడు.