పదో తరగతి మేడకు కట్టిన వంతెన

2022 జూన్‌లో నన్ను నాగర్‌కర్నూల్‌కు డి.ఈ.గా వేశారు. డి.ఈ. అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. కింద ఏ.ఈ.లు కొలతలు తీసి అంచనాలు రాస్తారు, పైన ఈ.ఈ. మంజూరు చేస్తాడు, మధ్యలో ఉన్నవాడు రెండు వైపులా మాటలు పడతాడు. ప్రభుత్వ బడుల గదులు, ప్రహరీలు, మరుగుదొడ్లు కట్టించడం మా విభాగం పని. గద్వాలలో ఏ.ఈ.గా మొదలుపెట్టి, వనపర్తిలో ఇల్లు కట్టుకుని, రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదనగా అక్కడ చేరాను. చివరి ఏడాది ఎవరూ కొత్త తలనొప్పి తెచ్చుకోరు. నేనూ తెచ్చుకోవద్దనే అనుకున్నాను.

చేరిన కొద్ది రోజులకే జిల్లా ఆఫీసు నుంచి ఒక ఆదేశం వచ్చింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చిందని చాలామందికి తెలుసు. అందులో బడుల గురించి రెండు మాటలున్నాయి. భవనం ఆ పిల్లలు తిరగడానికి వీలుగా ఉండాలి. అది కాక, ఏ పిల్లకు ఏది అవసరమో దాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలి. దివ్యాంగ విద్యార్థులున్న ప్రతి బడికీ పోయి, ఇవి అమలవుతున్నాయో లేదో చూసి రాయమన్నారు.

అమలవుతున్నాయనే అందరూ రాసేవాళ్లు. కాగితం మీద ర్యాంపు లేని బడి లేదు. ర్యాంపుకు ఒక లెక్క ఉంది. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవున వాలు ఉండాలి. మా కాంట్రాక్టర్లు మెట్ల పక్కన మిగిలిన జాగాలో నాలుగడుగుల్లో పని తేల్చి బిల్లు పెట్టేవాళ్లు. చక్రాల కుర్చీ దాని మీదికి ఎక్కదు, దిగితే ఆగదు. పిల్లలు మాత్రం దాన్ని జారుడుబల్ల చేసుకుని లాగులు చింపుకునేవాళ్లు. అట్లాంటివి ఎన్ని పగలగొట్టించి మళ్లీ కట్టించానో! నా వెనక కాంట్రాక్టర్లు నన్ను ‘ఒకటికి పన్నెండు సారు’ అని వెక్కిరించేవాళ్లు. వెక్కిరించుకోనీ అని ఊరుకునేవాణ్ని.

బల్మూర్ మండలంలో ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లాను. ఊరి పేరు రాయను. అక్కడ శివలీల అనే అమ్మాయి పదో తరగతిలో ఉంది. పుట్టినప్పటి నుంచి కాళ్లలో బలం లేదు, చక్రాల కుర్చీలోనే బడికి వస్తుంది. సదరం శిబిరంలో డాక్టర్లు వైకల్యం పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ ఉంది. తండ్రి హైదరాబాదులో లారీ నడుపుతాడు, నెలకోసారి ఇంటికొస్తాడు. తల్లి బాలమణి పొద్దున కుర్చీ తోసుకొచ్చి బిడ్డను బడిలో దింపి, చేనుకు పోయి, సాయంత్రం మళ్లీ వచ్చి తీసుకుపోతుంది.

కింద గదులకు ర్యాంపు సరిగ్గానే ఉంది. చిక్కు పైన. ఆ బడిలో ఒక ఆచారం ఉంది. మేడ మీద ఉన్నది ఒకటే గది, అది పదో తరగతిది. ఆరో తరగతిలో చేరిన రోజు నుంచి పిల్లలందరికీ ఆ మేడ మీదే కన్ను. జూన్‌లో బడి తెరిచిన రోజున కొత్త పదో తరగతి వరస కట్టి మెట్లెక్కుతుంది, కింది తరగతులు నిలబడి చూస్తాయి. ఆ రోజు నలుగురు మగపిల్లలు శివలీలను కుర్చీతో సహా ఎత్తి పైకి తీసుకుపోబోయారట. రెండు మెట్లెక్కేసరికే దింపమందట. తనేం బియ్యం మూట కాదందట.

హెడ్మాస్టరు మంచివాడు, చట్టం చదువుకున్నవాడు. మరునాడే పదో తరగతిని కిందికి దించి, సైన్సు గదిలో కూర్చోబెట్టాడు. ఖర్చు లేదు, మంజూరు అక్కర్లేదు, చట్టం చెప్పిన సర్దుబాటు అయిపోయింది. ‘అమలైంది’ అని నేను రాసుకుని జీపెక్కితే ఈ కథ లేదు. కానీ ఆ గదిలో పిల్లల మొహాలు చూశాను. పెళ్లికి పిలిచి వాకిట్లో కూర్చోబెట్టినట్టున్నారు. శివలీల వెనక వరసలో తల వంచుకుని ఉంది. మాస్టర్లను బయటికి పంపి, ఆమె పక్కన బల్ల మీద కూర్చుని, ఇంకేమైనా కావాలా బిడ్డా అని అడిగాను.

“నేను మీదికి పోవాలె సార్,” అంది. “వీండ్లను కిందికి తెస్తే నేను మీదికి పోయినట్టు గాదు గద.”

మీద ఏముందని అడిగాను.  అమ్మకు చెప్పొద్దని, చెబితే నవ్వుతుందని మాట తీసుకుని చెప్పింది.

“మీదికెళ్లి మా చేను కనిపిస్తదంట సార్. మా అమ్మ పని చేస్తుంటె కనిపిస్తదంట. సిన్నగున్నప్పుడు నన్ను ఎత్తుకపోతుండె, అది నాకు యాద్ లేదు. ఇప్పుడు బరువైన. చేనుకాడికి కుర్చీ పోదు. మా అమ్మ పొద్దంత ఏడుంటదో, ఎట్లుంటదో నాకు తెల్వదు.”

ఇంజనీర్లం ఇట్లాంటి మాటలు వినే అలవాటు లేనివాళ్లం. మాకు ఎవరొచ్చినా గోడ నెర్రె విచ్చింది, కప్పు కారుతుంది అనే చెబుతారు.  ఏదో ఒకటి చూస్తానని చెప్పి బయటపడ్డాను.

చూడటానికి ఏముంది? మేడ పన్నెండు అడుగుల ఎత్తు. నా లెక్క ప్రకారం ర్యాంపు కట్టాలంటే నూట నలభై అడుగులు దాటుతుంది, మధ్యలో ఆగే చదునులు వేరే. ఉన్న ఆవరణ అంతా దానికే పోతుంది. లిఫ్టు మాట ఎత్తితే మా ఈ.ఈ. ఫోన్లోనే నవ్వాడు. కరెంటు పోతే ఎవరు తీస్తారు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు అన్నాడు. ఆయన అడిగింది నిజమే. మనసు పాడై బడి వెనక్కి నడిచాను.

వెనక గుట్ట ఉంది. గుట్ట మీద ఊరి నీళ్ల ట్యాంకు. దానికోసం ట్రాక్టరు పోయేటంత మట్టిబాట వేశారు. ఆ బాట గుట్టను చుట్టుకుంటూ మెల్లగా ఎక్కి, మేడ వరండా కొసకు దగ్గరగా పోతుంది. నిలబడి చూస్తే బాటా వరండా దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. మధ్యలో ఖాళీ పది అడుగులకు మించదు. జీపులోంచి లెవెల్ యంత్రం దింపించి, ఏ.ఈ.తో గడకర్ర పట్టించి కొలిచాను. తేడా జానెడు కూడా లేదు. కింది నుంచి పైకి ఎక్కించడం ఎట్లా అని అందరం తలలు పగలగొట్టుకుంటున్నాం. పై నుంచి అడ్డంగా వస్తే సరిపోతుంది! పది అడుగుల స్లాబు, రెండు వైపులా రైలింగు, వరండా కొసన గోడ తీసి ఒక దారి. ఆ మధ్యాహ్నం ఎండలో నిలబడి చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాను. ఇప్పుడు వనపర్తిలో ఫ్యాను కింద కూర్చుంటే అట్లాంటి ఒక్క మధ్యాహ్నం కోసం ప్రాణం కొట్టుకుంటుంది. పింఛను వస్తుంది గానీ అది రాదు.

అంచనా రాశాం. దానికి రెండు మంజూర్లు కావాలి. డబ్బివ్వడానికి ఒప్పుకునేది పరిపాలనా మంజూరు, కట్టే తీరుకు ఒప్పుకునేది సాంకేతిక మంజూరు. ఒకటి దసరాకు, ఒకటి దీపావళి తర్వాత వచ్చాయి. టెండరు, ఒప్పందం, గుట్ట అంచున రాయి తొలిచి పునాది. స్లాబు వేశాక కాంక్రీటు గట్టిపడేదాకా కింది సెంట్రింగ్ చెక్కలు విప్పకూడదు. వంతెన మీద కుర్చీ నడిచేసరికి ఫిబ్రవరి వచ్చింది. పదో తరగతికి బడి ఇంక కొద్ది వారాలే.

రిబ్బను కత్తిరింపులేం పెట్టలేదు. బాలమణి బిడ్డను బాట మీదుగా తోసుకొచ్చింది. “దూరమే గని జర దమ్ము రాకుండ రావచ్చు సారు,” అంది. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు. బిడ్డను వరండాలో వదిలి, పల్లికాయ పీకే పనుందని వెంటనే చేనుకు పోయింది. పదో తరగతి అంతా అప్పటికే పైకి చేరి చప్పట్లు కొట్టింది. శివలీల ఎవరినీ తోయనియ్యకుండా చక్రాలు తనే తిప్పుకుంటూ ముందు వైపు పిట్టగోడ దగ్గరికి పోయింది. అక్కడ ఆగింది. మేమందరం ఆమె ఏమంటుందా అని చూస్తున్నాం.

“గోడ మంచిగ కట్టిండ్రు సార్,” అంది. “ఆకాశం కనిపిస్తుంది.”

నాకు అర్థం కాక పక్కన గొంతుక్కూర్చున్నాను. నా కళ్ల ముందు సిమెంటు పూత తప్ప ఏమీ లేదు. పిట్టగోడ మూడున్నర అడుగులు, పైనుంచి కింది దాకా ఇటుక. నిలబడ్డవాడికి నడుము దాకా వస్తుంది, కుర్చీలో కూర్చున్న చిన్న మనిషికి కళ్ల పైకి వస్తుంది. ఆ మేడ మీదికి ఏ.ఈ. వచ్చాడు, నేను వచ్చాను, ఈ.ఈ. వచ్చాడు. అందరం నిలబడే చూశాం, అందరికీ చేను కనిపించింది.

స్నేహితురాళ్లు ఆమెను ఎత్తి బల్ల మీద కూర్చోబెడతామన్నారు. వద్దంది. ఎత్తించుకునేదైతే జూన్‌లోనే వచ్చేదాన్ని కదా అంది. నేను హెడ్మాస్టరును పక్కకు పిలిచి, ఆ జాగాలో ఇటుకలు తీయించి నిలువు ఊచలు బిగిస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆరో తరగతి పిల్లలు కోతుల్లా మేడ ఎక్కుతారని, కాగితం లేకుండా పిట్టగోడ విప్పి ఒక్కరు జారిపడినా తన మెడకు చుట్టుకుంటుందని అన్నాడు. ఆయన జాగాలో ఉంటే నేనూ అదే అనేవాణ్ని. వంతెన పని బిల్లు మూసేశాం కాబట్టి అందులో కలపడానికి లేదు. కొత్త అంచనా రాసి, ఊచల మధ్య పిల్ల తల దూరనంత సందు పెట్టి, ఆ రోజే పైకి పంపాను. రోజూ ఫోన్ చేసి ఈ.ఈ.ని విసిగించాను.

మార్చిలో, నా రిటైర్మెంటుకు ముందు, సంతకాల పని మీద ఆ బడికి మళ్లీ పోయాను. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టారు. శివలీల పిట్టగోడకు ఆనుకుని తింటోంది. ఆమె స్నేహితురాలు గోడ మీద మోచేతులు పెట్టి చేను చూస్తూ, పేకాటలో ముక్కలు వేసినట్టు ఒక్కొక్కటే చెబుతోంది.

“మీ అమ్మ నీళ్లు తాగుతుంది... ఇప్పుడు కొంగుతోని మొఖం తుడుసుకుంటుంది... మళ్ల వంగింది.”

శివలీల నమలడం ఆపి వింటోంది. రోజూ ఇట్లాగే చెప్పించుకుంటుందని హెడ్మాస్టరు అన్నాడు. నేను అక్కడ నిలబడలేక కిందికి దిగాను. ఆ నెలాఖరున శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను.

ఊచల మంజూరు ఎండాకాలం సెలవుల తర్వాత వచ్చింది. వర్షాలు ఆగాక బిగించారని మా ఏ.ఈ. ఫోన్ చేశాడు. అప్పటికి శివలీల పది పాసై నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ చేరింది. దసరా సెలవుల్లో ఆమె ఊరికొస్తోందని హెడ్మాస్టరు చెబితే, వనపర్తిలో బస్సెక్కి, బిజినేపల్లి మీదుగా రెండు బస్సులు మారి పోయాను. ఎందుకు పోతున్నావని నా భార్య అడిగింది. పని మిగిలిపోయిందన్నాను.

హెడ్మాస్టరు తాళం తీశాడు. బాలమణి కుర్చీ తోసుకుంటూ వంతెన దాటించింది. శివలీల ఊచల దగ్గర ఆగింది. ఎదురుగా చేను విశాలంగా, తెల్లగా పత్తితో కనిపిస్తోంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వంగి పత్తి ఏరుతున్నారు.

“వాండ్లెవరమ్మా?”

“కౌలుకు చేసెటోళ్లు బిడ్డా.”

అప్పుడు తెలిసింది నాకు. కాలేజీలో కుర్చీ తోయడానికి మనిషి కావాలి గనుక బాలమణి చేను కౌలుకిచ్చి, బిడ్డతో పాటు నాగర్‌కర్నూల్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. జూన్ నుంచి ఆమె ఆ చేన్లో అడుగు పెట్టలేదు.

శివలీల ఊచలు పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత, “నువ్వు ఏడుంటుంటివి?” అని అడిగింది. బాలమణి బిడ్డ పక్కన గొంతుక్కూర్చుని వేలు చాపింది. “గా నల్లరాయి పక్కన. ఎండకు తాళలేకపోతె దాని నీడకు కూసుంటుంటి.” ఎందుకడుగుతున్నావని ఆమె అడగలేదు, శివలీల చెప్పలేదు. తల్లి లేని ఆ రాయి వైపే చూస్తూ కూర్చుంది. నేను ఊచల నట్లు గట్టిగా ఉన్నాయో లేదో చూశాను.

ఇప్పటికీ పాత ఏ.ఈ.లు అంచనాల గురించి ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు రెండే చెబుతాను. కొలిచే ముందు ఒక కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి. పిల్ల ఏ తరగతిలో ఉందో అడిగి, పని పూర్తికావలసిన తేదీని ఆ తరగతిని బట్టి వేయండి, మంజూరును బట్టి కాదు. అవసరాన్ని బట్టి సర్దుబాటు చేయమని చట్టంలో ఉంది, ఎప్పటిలోగా చేయాలో మా కాగితాల్లో లేదు. ఆ మేడ మీద మేం రాసిన పనులన్నీ పూర్తయ్యాయి, బిల్లులు కూడా పాసయ్యాయి. ఊచలు బిగించేసరికి ఆ పిల్ల చేన్లో చూడాలనుకున్న మనిషి ఆమె కుర్చీ తోస్తోంది.