పడవ నవల, వాదీ నీళ్ళు

నా చిన్నప్పుడు మేము మస్కట్‌లో హమ్రియాలో ఉండేవాళ్ళం. రెండు గదుల వాటా, ముందు చిన్న వరండా, దానికి అటువైపు పక్కింటి అక్క గది. మా అమ్మా, ఆ అక్కా ఇద్దరూ నర్సులే. ఇద్దరివీ గోదావరి మధ్య లంకల ఊళ్ళే. నాన్న ఎక్కడో ఎడారిలో కంపెనీ క్యాంపులో ఉండి నెలకోసారి వచ్చేవారు. అమ్మ డ్యూటీకి వెళ్తే నన్ను చూసుకునేది అక్కే.

అప్పట్లో అక్కడ తెలుగు పుస్తకం దొరకడమంటే మాటలా! సెలవుకి వెళ్ళినవాళ్ళు పచ్చడి సీసాల మధ్య దోపి తెస్తేనే. వచ్చిన ఒక్క నవల కోసం నర్సులందరూ కాచుక్కూచునేవారు. అందుకని అక్క ఒక పద్ధతి పెట్టింది. నవల చేతికి రాగానే అట్ట విప్పి, నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఆసుపత్రిలో కుట్లు వేసే దారంతో గట్టిగా కుట్టేసేది. ఎవరి డ్యూటీని బట్టి వాళ్ళకి ఒక ముక్క. పాపం కొందరికి కథలో ముందు పెళ్ళయిపోయి, ఆ తర్వాత పెళ్ళిచూపులు వచ్చేవి. అయినా దొరికిందే చాలని చదువుకునేవారు.

ఆ ఏడాది వచ్చిన నవల గోదావరి మీద పడవ నడిపే ఒక ఆడమనిషి కథ. భర్త పోయాక తెడ్డు తన చేతిలోకి తీసుకుంటుంది. మేమంతా ఆమెని పడవమ్మ అనేవాళ్ళం. చదివితే ఎక్కడలేని ధైర్యం వస్తుందని అందరూ ఒకటే పొగడ్త. ఆమెకి భయమంటే ఏమిటో తెలియదని ఆ రాసినాయన పేజీ పేజీకీ చెప్పేవాడు. మూడో ముక్క అక్క నాకు చదివి వినిపించింది. వరద పోటెత్తింది, అవతలి లంకలో ఎవరికో కాన్పు కష్టమైంది, వద్దన్నవాళ్ళని తోసేసి ఆమె పడవ నీళ్ళలోకి దింపింది. అంతే, ముక్క అయిపోయింది! చివరి ముక్క ఆ రోజు అమ్మ డ్యూటీ సంచిలో ఉంది. సాయంత్రం అమ్మ క్లినిక్కు వ్యాను దిగగానే లాక్కుందామని నేను మధ్యాహ్నం నుంచే గుమ్మంలో కాపలా కాశాను.

వ్యాను రాలేదు. కొండల వైపు ఆకాశం నల్లగా ఉంది గానీ మా వీధిలో నాలుగు చినుకులు కూడా పడలేదు. కాసేపటికి దూరంగా లారీలు రాళ్ళు కుమ్మరిస్తున్నట్టు చప్పుడు. వీధిలో జనం పరుగులు. వాదీ వచ్చింది, వాదీ వచ్చింది అని కేకలు. వాదీ అంటే ఏడాదంతా ఎండిపోయి పడుండే రాళ్ళవాగు. పిల్లలం అందులోనే ఆడుకునేవాళ్ళం. అమ్మ పనిచేసే క్లినిక్కు దానికి అవతల ఉంది. వ్యాను ఆ వాగు దాటే ఇంటికి రావాలి.

అక్క నన్ను మేడ మీదికి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళకపోయినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మేము ఆడుకునే చోటంతా మట్టిరంగు నీళ్ళు. ఖర్జూరం మాను ఒకటి నిలువునా లేచి మళ్ళీ మునిగిపోయింది. దాని వెనకే ఎవరి ఇంటిదో ఫ్రిజ్జు కొట్టుకుపోయింది. అమ్మ వ్యాను ఆ నీళ్ళ అడుగున ఉందేమోనన్న ఆలోచన ఒకసారి వచ్చాక ఇక పోలేదు.

కిందికి పరిగెత్తాను. అక్క నాకంటే ముందే వచ్చి తలుపు గడియ పెట్టేసింది. పడవమ్మ వెళ్ళింది కదా, మనమూ వెళ్ళి అమ్మని తెద్దాం రమ్మని ఆమె చెయ్యి పట్టుకు లాగాను.

“నేను రాను. నాకు భయం.”

పెద్దవాళ్ళు అలా అనగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నీకు ఈత వచ్చుగా, గోదావరిదానివిగా అని అరిచాను. అక్క నా ముందు నేల మీద కూలబడింది.

“గోదారి వస్తుంటే ముందే తెలుస్తాదే అమ్మడూ. ఎర్రనీరొస్తాది, ఊళ్ళో డప్పేస్తారు, సామాను అటక మీదికి ఎక్కించుకుంటాం. దీనికా మర్యాద లేదు. ఎండలో నిలబడి ఉండగానే మీద పడిపోద్ది. ఇది మన నీరు కాదు. ఆ పుస్తకం ఈ నీటికి పనికిరాదు.”

ఏం కాదులే అని అక్క ఒక్కసారి కూడా అనలేదు. అమ్మ ఆకలితో వస్తుందని మాత్రం అంది. లేచి బియ్యం కడిగింది. చేతులు వణికి సగం బియ్యం నేలపాలు. వాటిని ఏరుతూనే “ప్రభువా, ప్రభువా” అనుకుంటోంది. నాకు ఉల్లిపాయలిచ్చి తరగమంది. ఏడవడానికి మంచి వంక దొరికింది కదా, కడుపారా ఏడ్చాను. పప్పు ఉడికింది. అన్నం వార్చి, అమ్మ వాటా విడిగా గిన్నెలో పెట్టి మూత వేసింది. ఆ గిన్నె వైపు చూడాలంటేనే నాకు భయంగా ఉండేది. ఎవరూ తినకపోతే దాన్ని ఏం చేస్తారు?

దీపాలు వేసే వేళకి నీటి చప్పుడు తగ్గింది. వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. అమ్మ! మోకాళ్ళ దాకా బురద, సంచి మాత్రం గుండెలకి హత్తుకుని ఉంది. అక్క అమ్మని తిట్టిన తిట్లు, ఆ వెంటనే ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను.

జరిగింది అమ్మ తింటూ చెప్పింది. వ్యాను వాదీ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు చీలమండ లోతే ఉన్నాయట. డ్రైవరూ మా లంకలవాడే. గోదారి చూసినోళ్ళం, ఈ పిల్లకాలవకి ఆగుతామా అన్నాడట. అమ్మ అంతవరకూ వ్యానులో ఆ చివరి ముక్కే చదువుతోంది. పడవమ్మ ఒడ్డు చేరింది, బిడ్డ పుట్టింది, ఊరంతా ఆమె కాళ్ళకి మొక్కింది.

“చదువుతుంటే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తల ఎత్తి ఆ నీళ్ళు చూస్తే నా కాళ్ళు వణికాయి. నాకు భయం బాబూ, నన్ను దింపేయ్, నేను రాను అన్నాను.”

అమ్మ దిగిపోతే మిగతా నర్సులూ దిగిపోయారట. ఒక్కడూ వెళ్ళలేక డ్రైవరు సణుక్కుంటూ వ్యాను వెనక్కి తీశాడు. పక్కనుంచి వెళ్ళిన పికప్పు మాత్రం ఆగలేదు. అది సగం దాటిందో లేదో పైనుంచి గోడలా నీళ్ళు వచ్చాయట. అందులోని మనిషిని ఒడ్డునున్న ఒమానీలు తాడు వేసి లాగారు. పికప్పు దొరకనే లేదు. నీళ్ళు తీసేదాకా అవతలే ఆగి, తర్వాత బురదలో నడిచి ఇల్లు చేరిందట అమ్మ.

మర్నాడు అక్క నాలుగు ముక్కలూ కలిపి కుట్టింది. ఆ నవల మళ్ళీ నేనే చదువుకున్నాను. మంచి నవలే, కాదనను. భర్త పోయినా చెయ్యి చాచకపోవడం, అవతలివాడి బాధకి కదలడం, అవన్నీ అందులోంచే నేర్చుకున్నాను. భయమంటే తెలియదన్న మాట దగ్గరకి వచ్చినప్పుడు మాత్రం పేజీ తిప్పేసేదాన్ని. వణికే చేతులతో అన్నం వండిన మనిషినీ, వణికే కాళ్ళతో వ్యాను దిగిన మనిషినీ ఒక్క రోజులోనే చూశాను మరి.

ఇప్పుడు మస్కట్ పక్కనే సీబ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కొండల మీద మబ్బు పట్టిందంటే చాలు, ఫోను తీసి ఎక్కడున్నవాళ్ళని అక్కడే ఆగమంటాను. ఆఫీసులో మీటింగున్నా సరే, నా ఫోను ఎత్తాల్సిందే. మా మనవరాలు నవ్వుతుంది, నానమ్మ ఒట్టి పిరికిది అంటుంది.

అనుకోనీ. ఆ సాయంత్రం మూత తీసి అమ్మ ముందు అన్నం గిన్నె పెట్టింది నేనే. అమ్మ తింటుంటే ఒక్కో ముద్దా చూస్తూ కూర్చున్నాను.