తుంగకు మోకాటి నీళ్ళు

మొన్న మా మనవరాలు సైన్సు పుస్తకం తెచ్చి, చిత్తడి నేలలు ఎన్ని రకాలో చెప్పమని నా పక్కన చేరింది. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, తడుముకోకుండా చెప్పేశాను. నీళ్ళలో పెద్ద పెద్ద చెట్లు నిలబడి ఉంటే ఒక రకం. లోతులేని నీళ్ళలో తుంగ, జమ్ము లాంటి మెత్తటి కాడల గడ్డి పెరిగితే జౌగు. నీళ్ళు లోతుగా నిలిచి నడిమధ్య ఏదీ మొలవకపోతే అది చెరువో గుంటో. పిల్ల రాసుకుని వెళ్ళిపోయింది. ఈ మూడు ముక్కలు నేర్చుకునేలోగా నేనొక మనిషి పొట్ట కొట్టానని దానికి చెప్పలేదు.

డెబ్బైల చివర్లో, శ్రీకాళహస్తి అవతల బస్సు దిగి మూడు మైళ్ళు నడవాల్సిన ఊళ్ళో నా తొలి ఉద్యోగం. బడికి నేనొక్కదాన్నే టీచర్ని. పెళ్ళికాని పిల్లకు ఇల్లెవరిస్తారు? చివరికి ఊరి చివర ఉండే ఒక అవ్వ తన ఇంట్లో సగం ఇచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు, తుంగచాపలు నేసుకుని బతికేది. చెరువుకట్ట వెనక ఊటనీళ్ళతో ఎండాకాలం కూడా ఆరని జౌగు ఒకటుండేది. చాపలకు కావలసిన తుంగంతా అక్కడిదే. దూరం నుంచి చూసి పచ్చిక బయలనుకుని నేను మొదటిరోజే అందులో అడుగుపెట్టి చెప్పు పోగొట్టుకున్నాను. అవ్వ మోచేతిదాకా బురదలో దేవి, ఎవరిదో పాత చెప్పు తీసి నా చేతిలో పెట్టింది.

చాప మగ్గానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పొడుగుపుల్ల కొనకు తుంగకాడ తగిలించి పోగుల మధ్యకు తోయాలి, ఇంకొకరు పలకతో దగ్గరికి కొట్టాలి. భర్త పోయాక అవ్వ ఒక్కతే ఒకసారి తోసి, లేచి వచ్చి కొట్టి, మళ్ళీ లేచి వెళ్ళేది. నేను చేరాక తోసే పని నాదయింది. మేము పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. అయినా ఎండిన తుంగ వాసనలో ఆ మనిషికి ఎదురుగా కూర్చున్న గంటసేపే నాకు ఆ ఊళ్ళో నా అన్నవాళ్ళు ఉన్నట్టుండేది. మిగిలిన పొద్దంతా ఎంత ఒంటరిగా ఉండేదో ఉత్తరాల్లో కూడా రాయలేకపోయేదాన్ని.

రెండో ఏడు వానలు లేవు. కరువు పనుల కింద ఒక గుంట తవ్విస్తారని కబురొచ్చింది. ఎక్కడ తవ్వితే బాగుంటుందో ఆలోచించి అర్జీ రాయమని సర్పంచి నన్నడిగాడు. చదువుకున్నదాన్ని కదా, తెలివి పొంగింది. జౌగునే తవ్వితే గొడ్లకు నీళ్ళుంటాయి, నీళ్ళు పెరిగితే తుంగా ఏపుగా పెరుగుతుంది, అవ్వకూ మేలే అనుకున్నాను. అందరితోపాటు అవ్వా వేలిముద్ర వేసింది. ఏం రాశానో నేను చదివి వినిపించలేదు. టీచరమ్మ రాసింది కదా అని ఆమె అడగలేదు.

తవ్వకం మొదలైన రోజు అవ్వ జౌగు దాకా వెళ్ళి వచ్చి గడపలో కూలబడింది. నీళ్ళు నిలిస్తే తుంగ ఇంకా బాగా వస్తుందని నచ్చజెప్పబోయాను.

"తుంగకు మోకాటి నీళ్ళు సాలమ్మా. నిలువునా మునిగితే యాడ మొలుస్తాది?" అంది.

తవ్వే చోటికి పరుగెత్తాను. కరువులో ఊరంతా కూలికి దిగి ఉంది. ఆపమని నోరు తెరవలేక తిరిగొచ్చాను. మూడో రోజు అవ్వ కూడా గంప పట్టుకుని ఆ వరసలో నిలబడి, తన తుంగ వేళ్ళున్న మట్టిని మోసింది.

మరుసటేడు గుంట నిండింది. ఊళ్ళో అందరూ నన్ను మెచ్చుకున్నారు. తుంగ మాత్రం రాలేదు. అవ్వ మగ్గం విప్పి అటకెక్కించి, నారుమళ్ళకు కూలికి పోవడం మొదలుపెట్టింది. తెలియక రాశానని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను.

"నన్నొక మాట అడిగింటే సెప్పేదాన్ని గదమ్మా" అంది, అంతే.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. బదిలీ అయ్యేదాకా ప్రతి సాయంత్రం ఆమె ఆ వైపు పొయ్యి రాజేసుకునేది, నేను ఈ వైపు దీపం పెట్టుకునేదాన్ని. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. నిజమే, ఆ బడి పిల్లల పేర్లు మరిచిపోయాను, అవ్వ ముఖం కూడా మసకబారింది. ఒకే గోడకు చెరోవైపు మాటలేకుండా కూర్చున్న ఆ సాయంత్రాలు మాత్రం ఏటేటా దగ్గరికి వస్తున్నాయి.