సొరపాదుకు బీరకాయలు

1958 మే నెలాఖరులో నన్ను తెక్కలకోటకు వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. ఈ హోదా ఇప్పటి పాఠకులకు తెలియకపోవచ్చు. పైన జిల్లా వ్యవసాయాధికారి, కింద మేస్త్రీ, మధ్యలో డిమాన్‌స్ట్రేటరు. శాఖ చెప్పిన పద్ధతిని రైతు భూమిలోనే చేసి చూపించడం అతని పని. చూపించవచ్చు, చెప్పవచ్చు. ఆజ్ఞాపించే అధికారం మాత్రం లేదు.

ఆ ఏడాది బ్లాకు ఆఫీసువారు పెరటి తోటల పోటీ పెట్టారు. ఇంట్లో వాడి పారబోసిన నీళ్లతోనే కూరగాయలు పండించాలన్నది షరతు. మొదటి బహుమతి వచ్చిన పెరడు ఏడాదిపాటు 'మాదిరి తోట' అవుతుంది. గేటుకు రేకు బోర్డు కడతారు, బయటి ఊళ్ల అధికారులను తీసుకొచ్చి చూపిస్తారు. ఆలోచనలో తప్పేమీ లేదు. తీర్పు చెప్పడానికి నియమించిన మనిషిలోనే ఉంది. ఆయన అమ్మకపు పన్నుల శాఖ నుంచి ప్రత్యేకాధికారిగా వచ్చినవాడు. కూరగాయను పళ్లెంలో తప్ప చూసినట్లు లేడు. వేసవి తోటలు నిండుగా ఉన్న జూన్‌లో రావలసినవాడు ఒకసారి జీపు లేదని, ఒకసారి మంత్రిగారి పర్యటన అని, మరోసారి ఇంట్లో నిశ్చితార్థం అని వాయిదా వేసి, చివరికి పుబ్బ కార్తెలో, అంటే సెప్టెంబరు మొదట్లో వస్తానన్నాడు.

మా సీమలో పుబ్బ నాటికి వేసవి తోట బతికి ఉండకూడదు. సొర, కాకర పాదుల మొదళ్లు ఎండిపోతాయి. వంగకు వెర్రి తెగులు సోకుతుంది. ఆకులు చిన్నవై గుబురుగా వస్తాయి, ఆ మొక్క ఇక కాయదు. అందుకే పుబ్బకు ముందు వచ్చే మఖలోనే పాత మొక్కలను వేళ్లతో పీకి కాల్చాలి, నేల తిరగవేసి ఎండబెట్టాలి, పెంట తోలాలి. ఈలోగా ఒక మూల ఎత్తు మడి కట్టి నారు పోసుకోవాలి. పుబ్బ వెనుక వచ్చే ఉత్తర కార్తె వానలకు నారు సిద్ధంగా ఉంటేనే శరత్తులో తోట లేస్తుంది. మధ్యలో కొన్నాళ్లు పెరడు బోడిగా కనిపిస్తుంది. ఆ బోడితనమే మంచి తోటమాలి గుర్తు.

నా మాట తు.చ. తప్పక పాటించినది సంతోషమ్మ ఒక్కతే. ఆమె మా క్రైస్తవ సంఘంలో చాలా ఏళ్లు బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగి వాక్యం చెప్పింది. మోకాళ్లు పట్టేసి తిరగడం మానింది. ప్రార్థన మందిరం వెనుక రెండు గదుల ఇల్లు, పెరడు సంఘం ఆమెకు ఇచ్చింది. ఆ పెరటి కూరలే ఆమె తిండి. ఆ స్థలం మీద సంఘ పెద్ద శామ్యూలప్ప కన్ను పడింది. పత్తి బండ్లు తోలించే వ్యాపారి. అక్కడ గోదాము కడితే సంఘానికి బాడుగ వస్తుందని కమిటీలో అన్నాడు. బాడుగకు దిగేది తానేనని మాత్రం అనలేదు. ముసలామె తోటను పాడుపెట్టిందన్నది అతని వాదన. పోటీలో బహుమతి వస్తే ఉండనిస్తాం, లేకుంటే ఖాళీ చేయాలి అని కమిటీ తేల్చింది. పోటీలో శామ్యూలప్ప కూడా ఉన్నాడు.

తీర్పు రోజున ప్రత్యేకాధికారి మొదట సంతోషమ్మ గేటు దగ్గర ఆగాడు. లోపల దుక్కి, పెంట, తీసిపెట్టిన సాళ్లు, మూలన ఈతాకు తడిక కింద నారుమడి. వంగ, మిరప, నూల్‌కోల్ గడ్డ నారు వేలెడు ఎత్తున, కుళ్లు లేకుండా నిలిచి ఉంది. ఆ తాలూకాలో అంత మంచి నారు నేను చూడలేదు. ఆయన బూట్లకు మన్ను అంటుతుందని గేటు దాటలేదు.

"తోట యాడుందమ్మా?" అని అడిగాడు.

"ఆ తడిక కింద ఉండాది సామీ," అంది సంతోషమ్మ.

రాబోయే తోటకు ఇప్పుడు మార్కులు వేయలేమని సెలవిచ్చి ముందుకు నడిచాడు.

శామ్యూలప్ప పెరట్లో అడుగుపెట్టగానే నాకు నవ్వు ఆగలేదు. పొద్దుటి నుంచి అతని బండివాళ్లు సంతలో కొన్న కాయలను మొక్కలకు కట్టారు. వెర్రి తెగులు సోకి పూతే రాని వంగ మొక్కలకు గుత్తులుగా నల్ల వంకాయలు. ఎండిన సొరపాదుకు మూరెడేసి బీరకాయలు. సొరకు, బీరకు తేడా తెలియనివాళ్లు మా జిల్లాలో ఇద్దరే ఉన్నారనుకుంటాను. ఒకడు కట్టించాడు, మరొకడు మార్కులు వేశాడు.

నేను ఒక బీరకాయను పట్టుకుని తిప్పి చూపించాను. "సార్, దారం."

ప్రత్యేకాధికారి వంగి చూశాడు. "కాయ బరువుకు ఆధారం కట్టినారు. ఒళ్లే పద్ధతి, శానా మంచిది. రాసుకోండి."

"మన సారుకు కొత్త రకాలు తెలియవు లేండి," అన్నాడు శామ్యూలప్ప నన్ను చూపించి. మొదటి బహుమతి అతనికే వచ్చింది. ఆకులు మాత్రమే ఉన్న అంజూరపు చెట్టును మన ప్రభువు ఎలా శపించి ఎండగొట్టాడో అతను ఎన్నో ఆదివారాలు విన్నాడు. విన్నదంతా పక్కవాడి కోసమే అనుకునే రకం.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. దారం సంగతి లేచి చెప్పాను. ప్రభువు దినాన సహోదరుని గురించి చెడు మాట్లాడవద్దని పాస్టరుగారు మందలించారు. ఆయన ఇంటి పెంకులు శామ్యూలప్ప వేయిస్తున్నాడు, మందలింపు ఆ మేరకు మెత్తగానే వచ్చింది. సంఘం జరుపుకునే కోత పండుగ నాటికి సంతోషమ్మ ఖాళీ చేయాలని తీర్మానం అయింది. ఆ సాయంత్రం ఆమెను చూడబోతే నారుకు నీళ్లు చిలకరిస్తోంది.

"నువ్వు చెప్పినావని తీగలన్నీ పీకేస్తినప్పా," అంది. "ఇప్పుడు నన్నే పీకతాండారు."

"నారు ఎండనిద్దామా మరి?"

"దాని తప్పేముందప్పా? నాటే లోపల ఎవురికి కావల్లో వాళ్లే వస్తారు."

వచ్చాడు. ఉత్తర కార్తె మొదటి వానకు శామ్యూలప్ప పెరట్లోని కాయలు కుళ్లి దారాలతో సహా రాలాయి, తెగులు మొక్కలూ నేలకొరిగాయి. అదే వారంలో, దీపావళి దాటగానే మైసూరు వైపు నుంచి అధికారుల జట్టు మాదిరి తోట చూడటానికి వస్తుందని బ్లాకు ఆఫీసు కబురు పంపింది. సంత కాయలు మళ్లీ కట్టడానికి మొక్కలంటూ ఉండాలి కదా. అప్పుడు నారు పోస్తే జట్టు వచ్చేనాటికి పూత కూడా రాదు. చుట్టుపక్కల నాటదగిన నారు ఒక్క సంతోషమ్మ మడిలోనే ఉంది. కొంత కుళ్లుకు పోతుందని లెక్కవేసి ఎవరైనా ఎక్కువే పోస్తారు. ఆమెది కుళ్లనే లేదు, తన సాళ్లకు పోను మిగిలింది.

నేను తడిక సరిచేస్తుండగా అతను వచ్చి నిలబడ్డాడు. నన్ను చూసి గేటు దగ్గరే ఆగాడు.

"రా శామ్యూలప్పా," అంది ఆమె. "ఏంది, గోదాముకు కొలతలు తీసేకొస్తివా?"

"అది కాదక్కా. కొంచెం నారు కావల్ల."

"ఇస్తా. దేవుడు నాకు ఊరికే ఇచ్చినాడు, నీకూ ఊరికే ఇస్తా. కానీ నీ బోర్డు ఏడాది పొడుగునా ఉంటాది కదప్పా. సంక్రాంతి దాటినంక మళ్లా ఎండల తోటకు నారు కావల్లంటావు. ఈడ గోదాము లేస్తే నేను యాడ పోసేది? నీ పత్తి మూటల మీదనా?"

అతను నా వైపు చూశాడు. నారు అక్కడే బాగా వస్తుందని, నేల గుణమని నేను గంభీరంగా చెప్పాను. అందులో అబద్ధం లేదు.

కమిటీ మళ్లీ కూర్చుంది. బైబిలు స్త్రీ సేవను సంఘం మరచిపోరాదని, ఆమె బతికినంత కాలం ఆ ఇల్లు ఆమెదేనని శామ్యూలప్పే ప్రతిపాదించాడు. పాస్టరుగారు అతని మంచి మనసు కోసం ప్రార్థన చేశారు. నేను ఆమెన్ అన్నాను, సంతోషమ్మ కోసం. అధికారుల జట్టు వచ్చింది, మాదిరి తోట చూసి మెచ్చింది, కాఫీ తాగి వెళ్లింది. ఆ నారు ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు.

న్యాయం జరగాలని నేను మోకరించి అడిగాను. వచ్చింది న్యాయం కాదు, ఒక డాంబికుడి అవసరం. దేవుడు ఎలాంటి పనిముట్టుతోనైనా పని చేయించుకుంటాడు, అంతమాత్రాన పనిముట్టును గౌరవించనక్కరలేదు. వృత్తిలో నేర్చుకున్నది ఇంకా చిన్నది. తరువాత నా సర్వీసులో ఎన్ని పోటీలు పెట్టినా, చూడటానికి ఎవరు వస్తున్నా, మఖ కార్తె దాటి ఒక్క పాత పాదునూ నిలబెట్టమని ఏ ఇంటికీ చెప్పలేదు. నేను చెప్పిన పెరళ్లకు బహుమతులు తక్కువే వచ్చాయి. చలికాలంలో ఆ ఇళ్లవాళ్లు సంతలో కూరలు కొనలేదు.