అమ్మ భుజం, ఫూల్‌వతీ దీదీ చేతులు

మా చిన్నప్పటి ఢిల్లీ ఆర్.కె. పురంలో చలికాలం మధ్యాహ్నమైతే చాలు... క్వార్టర్ల వెనక గడ్డిలో చాపలు పరుచుకునేవి. పొగమంచు విడిపోయి కాస్త ఎండ రాగానే ఆడవాళ్ళందరూ అక్కడే. ఒకరు బఠాణీలు ఒలుస్తూ, ఒకరు స్వెట్టరు అల్లుతూ... వాళ్ళ మధ్యలో ఫూల్‌వతీ దీదీ.

దీదీ మాలిష్ చేసేది, అంటే నూనె మర్దన. బాలింతలకు, పసిపిల్లలకు, నడుము పట్టేసిన ఆంటీలకు. ఝాన్సీ వైపు ఏదో పల్లెటూరు ఆవిడది. వెల్లుల్లి, వాము వేసి కాచిన ఆవనూనె స్టీలు గిన్నెలో తెచ్చేది. ఆ వాసన కాకినాడలో పెరిగిన మా అమ్మకు అస్సలు పడేది కాదు. "మన నువ్వులనూనె ముందు ఇదెంతే!" అని నాతో తెలుగులో అనేది. దీదీతో మాత్రం "అచ్ఛా హై, అచ్ఛా హై" అంటూ తలూపేది...

నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ కుడి భుజం పట్టేసింది. రెండువేల నాలుగో, ఐదో... మొదట నొప్పి అంది. తర్వాత చెయ్యి పైకి లేవడమే మానేసింది. పై అరలోని డబ్బా అందేది కాదు. నాకు జడ వేయలేకపోయేది. నాన్న వేసిన జడ స్కూల్లో ప్రార్థన అయ్యేలోపే ఊడిపోయేది.

ఇక సలహాలు... చన్నీళ్ళలో చెయ్యి పెట్టడం వల్లేనని ఒకరు, ఒంట్లో వాతం చేరిందని ఒకరు. ఎదురింటి ఆంటీ అయితే, "చెయ్యి అస్సలు కదపకండి, కదిపినకొద్దీ అరిగిపోతుంది" అని గట్టిగా చెప్పింది. అమ్మ నమ్మింది. పాత చున్నీతో చేతిని మెడకు కట్టుకుని నెల రోజులు అలాగే ఉంది. నెల తిరిగేసరికి భుజం కొయ్యలా బిగుసుకుపోయింది.

పై అంతస్తు అంకుల్ ఒకరోజు మా ఇంట్లో టీ తాగుతూ అన్నారు. "నరం మీద నరం ఎక్కిందండీ. ఒక్క కుదుపు కుదిపితే టక్‌మని శబ్దం వస్తుంది. బస్, ఠీక్ హో జాయేగా, తగ్గిపోతుంది." నాన్న విని ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు...

ఆ ఆదివారం అమ్మ మంచం మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. వెనక నుంచి వెళ్ళి, ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి పైకి లాగాను.

టక్‌మని శబ్దం రాలేదు. అమ్మ అరుపు వచ్చింది.

తిట్టలేదు. భుజం పట్టుకుని ముందుకు వంగిపోయి ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూడ్డం అదే మొదటిసారి... అమ్మ చెయ్యి విరగ్గొట్టేశాననుకుని, పరుగెత్తుకెళ్ళి మెట్ల కింద సైకిళ్ళ వెనక దాక్కున్నాను.

అరుపు విని వచ్చిన దీదీయే నన్ను వెతికి పట్టుకుంది. "చల్ బిటియా, రో మత్" అని ఏడుపు మాన్పిస్తూ ఇంట్లోకి తీసుకెళ్ళింది. అమ్మ వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి నెమ్మదిగా కదిపి చూసి, "టూటా నహీ హై" అంది, విరగలేదని. నాకు అప్పటికి ఊపిరాడింది.

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "అయితే నువ్వే జోర్ సే దబావో దీదీ, దర్ద్ హోనే దో" అంది. నొప్పి పుట్టేలా నలిపితేనే నొప్పి పోతుందని అమ్మ నమ్మకం. దీదీ ఒప్పుకోలేదు. గట్టిగా నలిపితే ఇంకా బిగుసుకుంటుందని, డాక్టరుకి చూపించమని చెప్పి, "మాలిష్ సే పూరా ఠీక్ నహీ హోగా బీబీజీ. డాక్టర్ కో దిఖావో" అంది.

మాలిష్‌తో బతికే మనిషి, మాలిష్ ఒక్కటే చాలదని చెప్పింది...

డాక్టరుగారు చూసి, నరం మీద నరం ఎక్కడం లాంటిదేమీ లేదన్నారు. కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుందని, చెయ్యి కట్టేసుకోవడంతో ఇంకా ముదిరిందని చెప్పారు. నెలలు పడుతుంది, ఓర్చుకోగలిగినంత మేర రోజూ కదపాలి అన్నారు. గోడ మీద వేళ్ళను పైకి పాకించడం నేర్పించారు.

ఇక రోజూ మధ్యాహ్నం దీదీ వచ్చేది. గోరువెచ్చటి నూనెతో పది నిమిషాలు మెత్తగా రాసేది. తర్వాత అమ్మ గోడ దగ్గర నిలబడేది. వేళ్ళు ఎంతవరకు వెళ్తే అక్కడ నేను పెన్సిలుతో గీత గీసేదాన్ని. ఆ భుజం ముట్టుకోవడానికి నాకు భయం. అది కనిపెట్టి దీదీ ఒకరోజు నా అరచెయ్యి తీసి అమ్మ భుజం మీద పెట్టింది. "ఐసే... బచ్చే కా సిర్ సమఝ్ కే" అంది. పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు అన్నమాట. అమ్మ వెనక్కి తిరిగి నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశానో...

వానలు మొదలయ్యేసరికి అమ్మ నాకు జడ వేసింది. ఒక పక్కకి వంకరగా. రెండు రోజులు విప్పనివ్వలేదు నేను.

ఆ రోజుల్లోనే దీదీని అడిగాను, "ఆప్‌కా మాలిష్ కౌన్ కర్తా హై?" అని, మీకెవరు మాలిష్ చేస్తారని. దీదీ పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, నువ్వులనూనె వెచ్చబెట్టి, తగ్గీ తగ్గని చేత్తోనే ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే ఒత్తింది. బొటనవేళ్ళ మొదట్లో కీళ్ళు ఉబ్బి ఉన్నాయి. "డాక్టర్ కో దిఖావో" అంది అమ్మ. "అచ్ఛా బీబీజీ" అని దీదీ కళ్ళు మూసుకుంది...

మరుసటి చలికాలం దీదీ రాలేదు. కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని ఒకరు, చేతులు పనిచేయడం మానేశాయని ఒకరు అన్నారు. వెతుకుదామని నాన్న బయల్దేరబోయారు. ఎక్కడికని వెళ్తారు? ఏడాది పాటు మా ఇంటికి వచ్చిన మనిషి ఊరి పేరేమిటో మాలో ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు నోయిడాలో ల్యాప్‌టాప్ ముందు మెడ పట్టేస్తే, ఫోన్‌లో మసాజ్ బుక్ చేసుకుంటాను. వచ్చినమ్మాయి శుభ్రంగా, నేర్చుకున్న పద్ధతిలో చేసి వెళ్తుంది. ప్రతిసారీ వేరే అమ్మాయి... నొప్పి తగ్గుతుంది. కళ్ళు మూసుకుంటే మాత్రం దీదీయే గుర్తొస్తుంది. ఎక్కడుందో, ఉందో లేదో...

మీ ఇళ్ళలోనూ ఇలాంటి చేతులు ఉండే ఉంటాయి. వాళ్ళ గురించి కింద రాయండి. ఊరి పేరు తెలిస్తే అదీ రాయండి... కనీసం మీరైనా అడిగి ఉంటారని ఆశ.