తాత చాకుకి తుప్పు పట్టకూడదని

ఈ వానాకాలం మా ఇంట్లోకి కొత్త వాసన ఒకటి వచ్చి చేరింది. మా ఆయన ఆన్‌లైన్‌లో ఒక మడత చాకు తెప్పించుకున్నారు. అందరిళ్ళలో ఉండే మెరిసే స్టీలుది కాదట, అసలు సిసలు ఉక్కుదట. దాంతోపాటు వేలెడంత సీసాలో నూనె, పసుపుపచ్చ గుడ్డముక్క, ఆరు మడతల కాగితం వచ్చాయి. వాడిన వెంటనే తుడవాలి, తడి మీద మడవకూడదు, కీలులో నూనె చుక్క వెయ్యాలి, పులుపు కోస్తే అక్కడికక్కడే కడగాలి, తోలు సంచిలో పెట్టి మరిచిపోకూడదు అంటూ నెల తప్పిన కోడలికి చెప్పినన్ని జాగ్రత్తలు ఆ కాగితం నిండా ఉన్నాయి. గోడ మీది క్యాలెండరు కూడా ఉబ్బి అప్పడమైపోయే నర్సీపట్నం తేమలో, ఆయన పొద్దునోసారి, సాయంత్రమోసారి ఆ చాకుని ఒళ్ళో పడుకోబెట్టుకుని పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు నూనె రాస్తున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మోకాళ్ళకి రాసిన పాపాన పోలేదు. అది ఆముదమూ కాదు, మనమెరిగిన మరో నూనె కూడా కాదు. అయినా ఇనుమూ నూనే కలిసినచోట పుట్టే ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు పదేళ్ళ వయసొచ్చేస్తుంది.

మా తాత, అంటే నాన్నకి నాన్న, మామిడి అంట్లు కట్టేవాడు. రోలుగుంట మొదలు నక్కపల్లి దాకా ఆయన చెయ్యి పడని తోట లేదనీ, మనసు పెట్టి కడితే గొడుగు కర్ర కూడా చిగురేస్తుందనీ మా వీధిలో చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్ళలో పెద్ద గొంతు నాదే అనుకోండి. ఆయన ఆస్తల్లా ఒక మడత చాకు. విరిగిన లారీ కమాను ముక్కని కమ్మరిచేత సాగగొట్టించి, గేదెకొమ్ము పిడి వేయించుకున్నది. మడిస్తే అరచేతిలో ఇమిడిపోయేది. విప్పితే మాత్రం మా పిల్లల కళ్ళకి కోటలు కూల్చే ఖడ్గమే. దాని అలుగు, అంటే కోసే రేకు, కారునలుపు. చింతపండు పులుసు పూసి, ఏళ్ళ తరబడి మామిడి సొన తాగించి తాతే దాన్ని అలా నల్లబరిచాడు. సంతలో తళతళలాడే చాకులు చూసొచ్చి, మనదీ తోమి తెల్లగా చేద్దామా అని నేనడిగితే, "నలుపు మన సుట్టమే గుంటా. ఎరుపే దొంగ" అన్నాడు. ఎరుపంటే తుప్పు, గుంటంటే మా వైపు ఆడపిల్ల.

అంట్లకి అదను ఆషాఢ శ్రావణాలు. దొంగకీ అవే అదను. మన్యం కొండల మీంచి మబ్బు దిగి మా పెంకుల మీద కూర్చుందంటే వారం రోజులకి గాని లేచేది కాదు. ఉప్పు జాడీలో చెరువయ్యేది, అగ్గిపుల్ల గీస్తే సిగ్గుపడి తలొంచుకునేది, దండెం మీది గౌను నాలుగో రోజున కూడా చుక్కలు రాల్చేది, పొయ్యి బూడిదలో కాల్చిన పనసగింజల కమ్మదనమూ, సాలలో తడిసిన గొడ్ల వాసనా, నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని మా మామ్మ పీల్చే అడ్డచుట్ట ఘాటూ కలిసి ఇల్లంతా ఒకే దుప్పటి కప్పుకున్నట్టుండేది. అంత తడిలోనూ పొడిగా బతికింది ఆ చాకొక్కటే. పని కాగానే తాత దాని సొనని పాత పంచె ముక్కతో తుడిచి, కడిగి, మళ్ళీ తుడిచి, పొయ్యికి ఎడంగా, వేడి తగిలీ తగలనట్టు కాసేపు ఆరబెట్టి, కోడీకతో ఆముదం రాసి, కీలులో ఒక బొట్టు జార్చి, వేయించిన బియ్యం పోసిన రేకు డబ్బాలో దాన్ని పడుకోబెట్టేవాడు. తేమంతా బియ్యం పీల్చుకుంటుందట. ఆ బియ్యాన్ని దొంగతనంగా బొక్కి, ఆముదం ప్రభావం చేత పెరటి దారి పట్టిన పిల్లల్లో నేను మొదటిదాన్ని.

నాకు పదేళ్ళొచ్చేసరికి తాత కళ్ళకి శుక్లాలొచ్చాయి. కొమ్మ మీద చిగురు పుట్టే కన్నుని వేలితో తడిమి గుర్తుపట్టేవాడు గాని, అలుగు మీది తుప్పు చుక్క ఆయనకి కనబడేది కాదు. ఒకరోజు నన్ను పిలిచి, "నీ కళ్ళు కొత్తయి. ఇకమీద సాకు సంగతి నువ్వే సూడు" అన్నాడు. ఆ మాటతో నేను ఎంత ఉబ్బానంటే, నాలుగు రోజులపాటు మా గుమ్మం నాకు చాల్లేదు. బళ్ళో పిల్లలకి, మా ఇంట్లో పెద్దపులిని నేనే పెంచుతున్నానన్నంత గొప్పగా చెప్పుకున్నాను.

ఆ యేడే మామ్మ ఒక కోరిక కోరింది. కట్టుకున్న చీర చిరిగినా అడగని మనిషి. కోటవురట్ల అవతల ఆవిడ కన్నవారింటి పెరట్లో ఒక మామిడి చెట్టుండేది, వాళ్ళ నాన్న పాతింది. ఆ కాయకి పేరు లేదు, ఆ చెట్టు తప్ప మరోటి లేదు. మామ్మ తమ్ముడు ఆ స్థలం అమ్మేశాడు, కొన్నవాళ్ళు చెట్టు కొట్టేస్తామన్నారు. ఆ కబురు విన్న సాయంత్రం మామ్మ చుట్ట నోట్లోంచి తీసి, "నానెప్పుడూ ఏదీ అడగనేదు మిమ్మల్ని. ఆ సెట్టు ఒక్కటి నాకు బతికించీండి" అంది.

తాత ఆ మర్నాడే వెళ్ళి, కొమ్మల కొసల ఆకులు గిల్లేసి వచ్చాడు. వారానికి కళ్ళు ఉబ్బి అంటుకి పనికొస్తాయి. ఇంటి దగ్గర డబ్బాల్లో ఇరవై టెంకలు మొలకలేసి, రాగిరంగు ఆకులతో సిద్ధంగా ఉన్నాయి. రంపం వాళ్ళు మంగళవారం వస్తారని తెలిసింది. తాత ప్రయాణం సోమవారం పొద్దున.

ఆదివారం సాయంత్రం నేను చాకు విప్పి చూద్దును కదా, కీలు పక్కన ఆవగింజంత ఎరుపు. ఇంకెవరికైనా అది ఆవగింజ, నాకు మాత్రం గుమ్మడికాయ. గుడ్డతో తుడిచాను, బూడిదతో రుద్దాను, పోయింది. కానీ రేపు అంత పెద్ద పనిలో మళ్ళీ వస్తేనో? ఆముదం మీద నాకు నమ్మకం పోయింది. అప్పుడు గుర్తొచ్చింది, సముద్రం ఒడ్డు నుంచి మాకు చేపలు తెచ్చే పైడమ్మ చెప్పిన మాట: "మా పడవలకి జీడినూనె రాత్తామమ్మీ. సంద్రం సుట్టం నాగ వొచ్చి ఊరికే ఎల్లిపోద్ది, కర్రని ముట్టుకోదు." సముద్రాన్నే ఆపిన నూనెకి మా నర్సీపట్నం వాన ఒక లెక్కా? దూలాలకి చెదపట్టకుండా రాయడానికి, జీడిగింజలు కాల్చినప్పుడు కారిన ఆ నల్లనూనె సీసా ఒకటి మా అటక మీద ఉండేది. ముట్టుకుంటే చెయ్యి పొక్కిపోతుందని పిల్లలందరికీ తెలుసు. నాకూ తెలుసు. అందుకే వేలు తగలకుండా కోడీకతోనే రాశాను. అలుగు అటూ ఇటూ, కీలులో మూడు బొట్లు. నల్ల అలుగు మీద నల్ల నూనె, ఇక కనబడేదేముంది? నేను చేసిన పనికి నాకే ముచ్చటేసి, చాకుని బియ్యంలో పడుకోబెట్టి జోకొట్టాను కూడా.

సోమవారం తాత వానలో బస్సెక్కి వెళ్ళి, మధ్యాహ్నానికల్లా ఆ చెట్టు కొసల పుల్లల్ని తడిగుడ్డలో, అరటి దొప్పలో చుట్టి తెచ్చాడు. అన్నమైనా తినకుండా వసారాలో కూర్చున్నాడు. మొలక తల కోసి, కాండం చీల్చి, పుల్లని ఇటోచెక్కు అటోచెక్కు చెక్కి దాంట్లో దూర్చి, ప్లాస్టిక్ ముక్కతో బిగించి కట్టడానికి రెండు చేతులూ కావాలి కదా. అందుకని ప్రతిసారీ చాకుని పెదాల మధ్య అడ్డంగా కరిచిపట్టుకునేవాడు. ఇరవై మొలకలకి ఇరవైసార్లు. అది చూస్తూ కూడా నాకేమీ తట్టలేదు. మామ్మ గడప మీద కూర్చుని, చుట్ట ఆరిపోయినా గమనించకుండా, ఒక్కొక్క డబ్బానీ ఉయ్యాల్లోకి దింపినట్టు నీడలో సర్దింది.

తెల్లారేసరికి తాత పెదాలు రెండు వంకాయలయ్యాయి. సాయంత్రానికి వేళ్ళ మధ్య పొక్కులు, అరచేతులు ఎర్రగా ఉడికిపోయాయి. చూడ్డానికొచ్చిన వీధంతా వైద్యులే. ఒకరు పసుపన్నారు, ఒకరు వెన్నన్నారు, అందరూ కలిసి చెట్టుని తిట్టారు. "ఆ సెట్టు సొన పాపిష్టిదే. ఇన్నాళ్ళూ ఎన్ని తోటలు సూణ్ణేదు, ఇలగెప్పుడైనా అయినాదా?" అన్నాడు తాతే, కదలని పెదాలతో.

మామ్మకి చర్రుమంది. "మా నాయన పాతిన సెట్టది. దానికి ఇషం నేదు. దాని మీద మాట పడనీకండి" అని, తాత చేతులు కడగడానికి దగ్గరికెళ్ళి ఆయన అరచెయ్యి ముఖం దాకా ఎత్తింది. ఎత్తినదల్లా ఆగింది. తలుపు వెనక నక్కిన నా వైపొకసారి చూసింది. తర్వాత నీళ్ళు పోస్తూ, ఎవరినీ చూడకుండా, "నిజమేలెండి. ఆ సెట్టు సొన పదునే. సిన్నప్పుడు మాకూ పొక్కులొచ్చీవి. మర్సిపోనాను" అంది.

సరిగ్గా ఆ వేళకే కోటవురట్ల నుంచి మనిషొచ్చి చెప్పాడు, చెట్టు పడిపోయిందని. పడ్డ కొమ్మలు ఒకటి రెండు రోజులు పచ్చిగానే ఉంటాయి, మళ్ళీ పుల్లలు తెచ్చుకోవచ్చు. కానీ చాకు పట్టే చెయ్యేది? తాత చేతులు మూడు వారాలకి గాని మడతపడలేదు.

ఈలోగా అంట్లు మాడిపోయాయి. నేను పొద్దున్నే లేచి, మొహం కడగకుండా డబ్బాల దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఒకరోజు మూడు, ఒకరోజు ఐదు, నా నూనె చాకు కోసిన చోటే నల్లబడి పుల్ల వాలిపోయేది. ఏడుకొండలవాడికి మొక్కాను, నూకాలమ్మకి మొక్కాను, ఎందుకైనా మంచిదని చర్చి ముందు కూడా నిలబడ్డాను. దేవుళ్ళందరూ ఏకమై పదిరోజులకి ఒకే ఒక్క పుల్లని మిగిల్చారు. అది పన్నెండో రోజున పోయింది. ఊరంతటికీ వినబడేలా అబద్ధాలు చెప్పే నా నోరు, ఒక్క నిజానికి పెగల్లేదు.

తాత కోలుకున్నాక చాకుని ఇసకతో, కిరసనాయిలుతో తోమాడు, ఆ చెట్టు సొన మిగిలిందేమోనని. ఇన్నేళ్ళ నలుపూ ఊడి, సంతలో చాకులాగా తెల్లబడింది. ఆ శ్రావణంలోనే, ఎంత ఆముదం రాసినా ఆగకుండా, నిలువునా తుప్పు పట్టింది. నా చేతికివ్వమని నేనడగలేదు, ఆయనా ఇవ్వలేదు. బియ్యం మాత్రం పారబోసి కొత్తవి తనే వేయించుకున్నాడు. ఎందుకు పారబోశాడో ఈ రోజుకీ తెలియదు.

తాత పోయి చాలా ఏళ్ళయ్యాక, నేను ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, ఒక మధ్యాహ్నం మామ్మ కాళ్ళు పడుతూ చెప్పేశాను. "మామ్మా, ఆ సాకుకి జీడినూనె రాసింది నేనే."

"నాకు తెల్దేటి?" అంది మామ్మ. "ఏటేటా జీడిగింజలు కాల్చీదాన్ని నాను. ఆయన సేతిలో ఆ వాసన నాకు తెల్దేటి?"

"మరి తాతకి చెప్పలేదేం?"

"సెప్తే ఏటొత్తాది? సెట్టొత్తాదా? గుంట పోద్ది, అంతే."

నాకు ఏడుపాగలేదు. ఇంత వయసొచ్చిన మనవరాలు అలా ఏడుస్తుంటే మామ్మకి విసుగొచ్చింది కాబోలు, "ఊరుకోయే ఇంక. అదేటి అంత సొగసైన కాయనుకున్నావా? పులుపు. ఒట్టి పీసు. మా నాయన సెట్టని తినీవోళ్ళం" అంది.

ఆ చెట్టు కాయ నేను రెండు వేసవులు తిన్నాను. నాకు గుర్తున్నంతవరకు అది తేనె, జున్ను, పటికబెల్లం కలిపి దేవతలు కాపలా కాసిన కాయ. కానీ నన్ను దాచడానికి సొంత తండ్రి చెట్టు మీదే లేని విషం మోపిన మనిషి, నన్ను ఓదార్చడానికి లేని పులుపు మోపదా? మోపుతుంది. అలాగని నిజంగానే పులుపు కాదని నేను చెప్పగలనా? మామ్మ పోయింది. ఆవిడ తమ్ముడూ పోయాడు. ఆ పెరట్లో ఇప్పుడు రెండంతస్తుల ఫంక్షన్ హాలుంది, చెట్టున్న చోట జనరేటరు పెట్టారు. అంట్లు కట్టే మనిషిని ఇంటికి పిలిచేవాళ్ళు మా వైపు కనబడరు. నర్సరీ నుంచి మొక్కలు మెడలో చీటీలతో వ్యాన్‌లో వస్తాయి. పేరు లేని కాయ ఏ చీటీలో ఉంటుంది?

మొన్న వేసవిలో కూడా బజార్లో మామిడికాయల బండి దగ్గర ఆగాను. ప్రతి యేడూ ఆగుతాను, ప్రతి రకమూ కొంటాను, ఏదీ అది కాదు. ఒక్కో కాయనీ ముక్కు దగ్గర పెట్టుకుని అంతసేపు వాసన చూస్తుంటే బండివాడు ఓపిక పట్టి పట్టి, "ఎలాటి కాయ కావాలమ్మా మీకు? తియ్యటిదా, పుల్లటిదా?" అనడిగాడు.

చేతిలోని కాయని మరోసారి వాసన చూశాను. నా వెనక సంచి పట్టుకుని నిలబడ్డావిడ, "బేగి సెప్పండమ్మా, మాకూ పనులున్నాయి" అంది.